పాత నవలలూ ఊలు అల్లికా ఒకేసారి కుదురుతాయా?

ప్రశ్న ఇది: "నాకు పాత ఇంగ్లీషు, రష్యన్ నవలలంటే ప్రాణం. చిన్నప్పుడు అమ్మమ్మ దగ్గర లేసు అల్లడం నేర్చుకున్నాను, ఈమధ్య నిట్టింగ్ కూడా మొదలుపెట్టాను. ఆఫీసు అయ్యాక నాకు మిగిలేది గంటో గంటన్నరో. పుస్తకం తీస్తే సూదులు పక్కన పెట్టాలి, సూదులు తీస్తే పుస్తకం పక్కన పెట్టాలి. రెండూ కలిపి చేసేవాళ్ళున్నారా? ఆడియోలో వింటే అది చదివినట్టేనా?"

ఉన్నామండీ, చాలామందిమి ఉన్నాం. ఊలు, కాటన్ దారం, లావుపాటి నవలలు నా సాయంత్రాల్లో ఏళ్ళ తరబడి కలిసే ఉన్నాయి. అయితే ముందు మీ రెండో ప్రశ్నకి జవాబు చెప్తాను. మొదటిదానికి దారి అందులోనే ఉంది.

వింటే చదివినట్టే. మీరు ఇష్టపడే నవలల్లో చాలా వాటిని ఆ కాలంలో జనం విన్నారు. 1813 జనవరిలో 'ప్రైడ్ అండ్ ప్రెజుడిస్' అచ్చయి ఇంటికి చేరిన రోజునే జేన్ ఆస్టిన్ ఇంట్లో మొదటి సంపుటంలో సగం దాకా పైకి చదివారు. వింటున్న పొరుగావిడకి ఆ రచయిత్రి తన ఎదురుగానే కూర్చుందని తెలీదు. వాళ్ళమ్మ మరీ గబగబా చదివేస్తోందని ఆ తర్వాత ఆస్టిన్ ఉత్తరంలో బాధపడింది కూడా. డికెన్స్ రాసిన 'ఎ టేల్ ఆఫ్ టూ సిటీస్' 1859 ఏప్రిల్ చివరి నుంచి నవంబరు దాకా ఆయన సొంత వారపత్రికలో 31 భాగాలుగా వచ్చింది. ఇంట్లో ఒకరు దీపం దగ్గర కూర్చుని చదివితే మిగతావాళ్ళు వినేవారు. వినే ఆడవాళ్ళ చేతుల్లో మేజోడో, చిరుగు పడ్డ చొక్కానో, ఎంబ్రాయిడరీ చట్రమో ఉండేది. మన ఇళ్ళల్లోనూ ఒకరు వారపత్రిక సీరియల్ చదువుతుంటే మిగతావాళ్ళు చిక్కుడుకాయలు ఒలుస్తూ వినేవారు. అది చూసినవాళ్ళకి ఇందులో కొత్తేమీ కనిపించదు.

ఇంకాస్త వెనక్కి వెళ్తే ఇంగ్లండ్ ఉత్తరాన యార్క్‌షైర్ కొండల్లో డెంట్ అనే లోయ ఉంది. అక్కడ ఆడా మగా పిల్లలూ అందరూ మేజోళ్ళు అల్లి బతికేవారు. నడుస్తూ అల్లేవారు, పశువులు తోలుకెళ్తూ అల్లేవారు. నడుముకి ఒక చెక్క ఒర కట్టుకుని కుడి సూది వెనక కొసని అందులో గుచ్చేవారు. సూది కదలదు కాబట్టి చెయ్యి తేలికపడి వేగం పెరిగేది. ఆ ఒరల మీద చక్కటి చెక్కడాలు ఉండేవి, ప్రేమించిన అమ్మాయికి అబ్బాయి చెక్కి ఇచ్చే కానుక అది. చలికాలం రాత్రుళ్ళు ఇంటింటికీ వంతులేసుకుని ఒకే నెగడు చుట్టూ చేరి, ఒళ్ళు ముందుకీ వెనక్కీ ఊపుతూ అల్లుకుంటూ, పాటలు పాడుకుంటూ కథలు చెప్పుకునేవారు. కవి రాబర్ట్ సదీ తన పుస్తకంలో వాళ్ళ గురించి ఒక కథే చేర్చాడు. అల్లిక నేర్చుకోమని ఇద్దరు చిన్నపిల్లల్ని డెంట్‌కి పంపుతారు. ఇంటి మీద బెంగతో ఆ పసివాళ్ళు అక్కడినుంచి పారిపోయి ఇంటిదారి పడతారు. చదివితే గుండె బరువెక్కుతుంది. ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, చేతికి అల్లికా చెవికి కథా అనేది ఎప్పటినుంచో ఉన్న ఏర్పాటు. పుస్తకం నిశ్శబ్దంగా ఒక్కరే చదువుకునే వస్తువుగా మారిన తర్వాతే ఈ రెండూ విడిపోయాయి. కాబట్టి ఆడియో వినడం తక్కువ పని అనే మాట మనసులోంచి తీసెయ్యండి. లిబ్రివాక్స్ అని 2005లో మొదలైన స్వచ్ఛంద ప్రాజెక్టు ఉంది. కాపీరైటు తీరిపోయిన పుస్తకాలని జనమే చదివి ఉచితంగా పెడతారు. గొంతులు కొన్ని బాగుంటాయి, కొన్ని ఉండవు. మొదటి అధ్యాయం విని నచ్చకపోతే అదే నవలని ఇంకొకరు చదివారేమో చూడండి, పేరున్న నవలలకి తరచుగా రెండు మూడు ఉంటాయి.

ఇక చేతుల సంగతి. కళ్ళు అక్కర్లేని అల్లిక ఏదో తెలుసుకోవడమే ఇందులో కిటుకు. మీకు లేసు వచ్చు కాబట్టి ఒక తేడా వెంటనే అర్థమవుతుంది. క్రోషేలో, అంటే మీ లేసులాగా ఒకే కొక్కెం సూదితో అల్లేదానిలో, ప్రతి కుట్టుకీ సూదిని ఎక్కడ దూర్చాలో కన్ను వెతకాలి. సన్నటి లేసు దారంతో అయితే మరీనూ. నిట్టింగ్‌లో తర్వాతి కుట్టు ఎడమ సూది మీద వరసలో నిలబడి ఉంటుంది, బొటనవేలు తాకితే చాలు. అందుకే చదువుతూ అల్లడానికి నిట్టింగ్, వింటూ అల్లడానికి రెండూ. క్రోషేకి ఇంకో సుఖం ఉంది. సూది మీద ఉండేది ఒక్క లూపే కాబట్టి కథ ఊపు మీదున్నప్పుడు చటుక్కున కింద పెట్టినా ఏమీ జారిపోదు. నిట్టింగ్‌లో వరస మధ్యలో వదిలేసి లేస్తే సూది జారి పది కుట్లు పోవచ్చు. ఎప్పుడూ వరస చివరే ఆపండి.

కళ్ళు తిప్పుకుని అల్లడం ఒక్కరోజులో రాదు, కానీ వస్తుంది. మొదట నిట్ కుట్టు (నిట్టింగ్‌లో ముందుగా నేర్చుకునే సాదా కుట్టు) మాత్రమే ఉండే గార్టర్ అల్లిక తీసుకోండి. ఒక వరస చూస్తూ, ఒక వరస కిటికీలోంచి బయటికి చూస్తూ అల్లండి. ఎడమ బొటనవేలు, చూపుడువేలు ప్రతి కుట్టునీ తాకి ముందుకు తోస్తున్నాయో లేదో గమనించండి. వేళ్ళకి తెలిసిపోయాక టీవీలో వార్తలు చూస్తూ, ఆ తర్వాత పుస్తకంతో. సూదులు స్టీలువి కాకుండా వెదురువో చెక్కవో తీసుకోండి. కుట్లు వాటిమీద కాస్త పట్టుకుని ఉంటాయి, చప్పుడు కూడా చెయ్యవు. ఆడియో వింటుంటే స్టీలు సూదుల టకటక చాలా విసిగిస్తుంది.

నేను అందరికీ చెప్పే మొదటి నమూనా ఏటవాలు చతురస్రం. లెక్క పెట్టే పని అస్సలు లేదు. నాలుగు కుట్లు వేసి ఒక వరస నిట్. ఆ తర్వాత ప్రతి వరసలోనూ రెండు నిట్, దారం ఒకసారి సూది మీదుగా తెచ్చి, మిగతాదంతా నిట్. వరసకి ఒక్కో కుట్టు పెరుగుతూ త్రికోణం విచ్చుకుంటుంది, అంచు వెంబడి చిన్న చిన్న కన్నాలు పడతాయి. కావలసినంత వెడల్పయ్యాక తగ్గించడం: ఒకటి నిట్, రెండు కలిపి ఒకటి, దారం మీదుగా, మళ్ళీ రెండు కలిపి ఒకటి, మిగతాదంతా నిట్. నాలుగు కుట్లు మిగిలాక ముగించండి. నలభై నాలుగు కుట్ల దాకా పెంచితే గిన్నెలు తుడుచుకునే గుడ్డ, ఇంకా పెంచుకుంటూ పోతే పసిపిల్లల దుప్పటి. గుర్తుపెట్టుకోవలసింది వరస మొదట్లోనే కాబట్టి తర్వాత నిమిషమో రెండు నిమిషాలో బుర్ర మొత్తం కథదే.

అచ్చు పుస్తకం చదువుతూ అల్లాలనుకుంటే పుస్తకం దానంతట అది తెరిచి ఉండాలి. గట్టి అట్ట పుస్తకాన్ని వంటపుస్తకాల స్టాండు మీద పెట్టి రెండు పక్కలా క్లిప్పులు పెట్టండి. పేపర్‌బ్యాక్‌తో కుస్తీ పట్టకండి, దాని వీపు విరుగుతుంది, మీకు చిరాకు వస్తుంది. ఈ-రీడరైతే అక్షరం పెద్దది చేసి కళ్ళ ఎత్తులో పెట్టుకోండి. వరస అయ్యాకే పేజీ తిప్పడం అనే అలవాటు మంచిది, కుట్లు జారవు. మెడ గురించి ఒక్క మాట. ఒడిలో అల్లిక, బల్లమీద పుస్తకం, ఇలా కిందికీ పైకీ చూస్తూ కూర్చుంటే మెడా భుజాలూ పట్టేస్తాయి. అధ్యాయం అయినప్పుడల్లా లేచి చేతులు విదిలించండి. బొటనవేలి మొదట్లో నొప్పి మొదలైతే ఆ రోజుకి సూదులు పెట్టేసి ఉత్త పుస్తకం పట్టుకోండి. నొప్పి మీద అల్లకూడదు.

ఏ నవలకి ఏ అల్లిక అంటే, నా పద్ధతి పుస్తకం బరువుని బట్టి ఉంటుంది. పాత్రల పేర్లే గుర్తుండని రష్యన్ నవల మొదటి వంద పేజీలకి గార్టర్ తప్ప ఏదీ వద్దు. పాత్రలు పరిచయమయ్యాక గుండ్రటి సూది మీద టోపీ, మేజోడు కాలు గొట్టం లాంటివి వెయ్యచ్చు. గుండ్రంగా అల్లితే ఎప్పుడూ నిట్ కుట్టే, పర్ల్ (నిట్‌కి తిరగ కుట్టు) అక్కర్లేదు, తిప్పడం అక్కర్లేదు. మేజోడు మడమ తిప్పేటప్పుడు (అల్లిక పాదం వైపు మలుపు తిరిగే చోట) మాత్రం పుస్తకం మూసెయ్యండి. చార్టు చూసి అల్లే కన్నాల లేసు నమూనా, జడలా మెలేసే కేబుల్స్, రంగుల డిజైను వీటికి సంగీతమే సరి, అదీ మాటలు లేని సంగీతం. డిటెక్టివ్ కథలతో జాగ్రత్త. ఉత్కంఠ పెరిగినకొద్దీ చెయ్యి బిగుస్తుంది, కుట్లు బిగుస్తాయి, ఆ నాలుగు అంగుళాలూ మిగతాదానికంటే సన్నగా వస్తుంది. అగాథా క్రిస్టీ మిస్ మార్పుల్ మాత్రం హంతకుణ్ణి పట్టుకుంటూ కూడా తెల్లటి మెత్తటి ఊలు తాపీగా అల్లుకుంటూ పోతుంది. ఎదుటివాళ్ళు ఆవిణ్ణి పట్టించుకోకపోవడానికి ఆ ఊలు ఉండే కారణం. ముసలావిడ అల్లుకుంటోంది కదా అని ఆమె ముందే అన్నీ మాట్లాడేస్తారు.

అసలు నాకు చెప్పాలని ఉన్నది ఇక్కడ మొదలవుతుంది. మీకు అల్లిక వచ్చాక ఈ నవలలు మళ్ళీ చదవండి. ఇదివరకు మామూలు వర్ణనగా దాటేసిన చోట్ల ఆగిపోతారు.

వర్జీనియా వుల్ఫ్ 'టు ది లైట్‌హౌస్' (1927) తీసుకోండి. మిసెస్ రామ్సే దీపస్తంభం కాపలాదారు కొడుకు కోసం ఎరుపు కలిసిన గోధుమరంగు మేజోడు అల్లుతుంటుంది. చిన్నకొడుకు జేమ్స్ కాలికి ఆనించి కొలత చూస్తుంది. పొట్టిగా ఉంది, చాలా పొట్టిగా ఉంది. వాడు కదులుతుంటే కదలొద్దంటుంది. అల్లిక తెలియని రోజుల్లో నేను దాన్ని తల్లీకొడుకుల ముద్దు ముచ్చటగా చదివాను. తెలిశాక కనిపించింది వేరు. మేజోడు కాలు గొట్టం చూడకుండా అల్లే పని. చెయ్యి దానంతటది తిరుగుతుంది, మనసుకి పని ఉండదు. కాబట్టి అది మొక్కల గాజుగది కప్పు మరమ్మతు దగ్గరికి, అతిథుల దగ్గరికి, భర్త దగ్గరికి, తెరిచిపెట్టిన తలుపుల దగ్గరికి పోయి వస్తుంటుంది. కొలత చూడాల్సి వచ్చినప్పుడు మళ్ళీ మేజోడు మీదికి వచ్చి వాలుతుంది. వుల్ఫ్ పేజీల కొద్దీ సాగే ఆలోచనని ఎందుకు మేజోడు చుట్టూ తిప్పిందో, ఎప్పుడైనా మేజోడు అల్లినవాళ్ళకి ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు. వుల్ఫ్‌కి స్వయంగా అల్లిక అలవాటు. అక్క వెనెసా బెల్ 1912 ప్రాంతంలో వేసిన చిత్రంలో వుల్ఫ్ కుర్చీలో అల్లుకుంటూ కనిపిస్తుంది. నవల మొదటి భాగం చివర్లో మిసెస్ రామ్సే ఆ మేజోడుని మోకాలి మీద చదును చేసి, దీన్ని పూర్తి చెయ్యలేనంటుంది. రెండో భాగం చదివినవాళ్ళకి ఆ మాట ఎంత బరువైనదో తెలుసు. మీరు చదివి ఉండకపోతే అంతకంటే చెప్పను.

టాల్‌స్టాయ్ 'వార్ అండ్ పీస్' ఉపసంహారంలో ఒక చిన్న సంగతి ఉంది, నిట్టింగ్ తెలిసినవాళ్ళకి పండగ. కథలోని ఒక ఇంట్లో ఆన్నా మకారొవ్నా అనే ఆవిడ ఒకే సూదుల మీద ఒకేసారి రెండు మేజోళ్ళు అల్లుతుంది. పూర్తయ్యాక పిల్లలందరినీ పోగేసి, వాళ్ళ కళ్ళముందే ఒక మేజోడు లోంచి రెండోదాన్ని విజయగర్వంతో బయటికి లాగుతుంది. పిల్లల కేరింతలు పక్కగదిలోకి వినిపిస్తాయి. ఆ రహస్యం ఆవిడకొక్కదానికే తెలుసని టాల్‌స్టాయ్ అంటాడు. ఇది కల్పన కాదండీ, నిజంగా చెయ్యచ్చు. రెండు ఉండలు, రెండు దారాలు. సూది మీద కుట్లు బయటి మేజోడుది ఒకటి, లోపలిది ఒకటి వంతులవారీగా ఉంటాయి. బయటివాటిని ఒక దారంతో నిట్, లోపలివాటిని రెండో దారంతో పర్ల్. రెండు దారాలూ ఎక్కడా ఒకదాన్నొకటి చుట్టుకోకూడదు. మొత్తం మేజోడులో ఒక్కచోట మెలిక పడినా రెండూ అక్కడ అతుక్కుపోతాయి, బయటికి రావు. ఆవిడ ప్రతిసారీ పిల్లల ముందే లాగుతుందంటే చేతిమీద ఎంత నమ్మకం! యుద్ధాలూ నెపోలియనూ మాస్కో తగలబడటమూ అన్నీ అయిపోయాక టాల్‌స్టాయ్ మనల్ని ఈ మేజోళ్ళ దగ్గరికి తీసుకొచ్చి కూర్చోబెట్టాడు. మీ గార్టర్ చెయ్యి కుదిరాక దీన్ని చిన్న గొట్టం మీద ప్రయత్నించండి. నాకు తెలిసి అల్లికలో ఇంతకంటే ఆనందం కలిగించే విద్య లేదు.

అదే టాల్‌స్టాయ్ 'ఆన్నా కరేనినా' నాలుగో భాగంలో ఆన్నా చేతికి క్రోషే ఇచ్చాడు. ప్రియుడు వ్రాన్‌స్కీ వచ్చాడు, ఇద్దరి మధ్యా అనుమానాలు, ఈర్ష్య. ఆమె అతని వైపు చూడకుండా క్రోషే తీసుకుని తెల్లటి ఊలు లూపులు ఒకదాని తర్వాత ఒకటి వేస్తుంటుంది. దీపం వెలుగులో ఊలు మెరుస్తుంటుంది, సన్నటి మణికట్టు గబగబా కదులుతుంటుంది. నిట్టింగ్ అయితే ఆమె తలెత్తి అతన్ని చూస్తూ కూడా అల్లగలిగేది. క్రోషే కన్ను దించుకోవలసిన పని. ఎదుటి మనిషి మొహం చూడకుండా ఉండటానికి అంతకంటే మర్యాదైన సాకు దొరకదు.

డికెన్స్ 'ఎ టేల్ ఆఫ్ టూ సిటీస్'లో మదాం డిఫార్జ్ సంగతి అందరికీ తెలిసిందే. ప్రభువర్గంలో చావవలసినవాళ్ళ పేర్లన్నీ తన కుట్లలో, తన గుర్తుల్లో అల్లి దాచుకుంటుంది. నిట్, పర్ల్ అని రెండే రకాల కుట్లతో ఏ అక్షరమైనా రాసుకోవచ్చు, కాబట్టి అది జరగని పనేమీ కాదు. కానీ నన్ను ఎక్కువ కదిలించేది ఆవిడ కాదు, చుట్టూ ఉన్న బీద ఆడవాళ్ళు. వాళ్ళు అల్లేవి విలువలేని వస్తువులని, తినడానికి లేనివాళ్ళకి ఆ అల్లికే తిండికి బదులని, ఆ ఎముకల వేళ్ళు ఆగితే కడుపులు ఇంకా మాడేవని డికెన్స్ రాశాడు. ఆకలిని చేతులతో మరిపించుకోవడం గురించి అంత సూటిగా రాసినవాళ్ళు తక్కువ.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. 'జేన్ ఐర్' (1847)లో జేన్ థార్న్‌ఫీల్డ్‌కి చేరిన రాత్రి మొదట చూసేది మిసెస్ ఫెయిర్‌ఫాక్స్ అల్లుకుంటూ, కాళ్ళ దగ్గర పిల్లి. ఆకలితో వానలో తిరిగి తిరిగి మూర్ హౌస్ కిటికీలోంచి తొంగిచూసినప్పుడు కనిపించేది పనిమనిషి హన్నా మేజోడు అల్లుతూ. రెండుసార్లూ ఆశ్రయం దొరకబోయే చోట అల్లిక ఉంది. ఆస్టిన్ 'పర్స్వేషన్'లో జబ్బుపడి ఆస్తి పోగొట్టుకున్న మిసెస్ స్మిత్ చేతులు కాస్త కదలగానే నర్సు దగ్గర అల్లిక నేర్చుకుంటుంది. 'లిటిల్ విమెన్' (1868) మొదటి అధ్యాయంలో జో సైనికుల కోసం నీలం మేజోడు అల్లుతూ, మగవాడిగా పుట్టి ఉంటే యుద్ధానికి వెళ్ళేదాన్నని విసుక్కుంటుంది. ఇవి పక్కపక్కన పెట్టి చదివితే ఒక సంగతి బయటపడుతుంది. ఆ కాలంలో మేజోళ్ళు అల్లేది ఎక్కువగా ముసలివాళ్ళు, పనివాళ్ళు, డబ్బు లేనివాళ్ళు. డబ్బున్న ఇంటి అమ్మాయిల చేతిలో ఎంబ్రాయిడరీ ఉంటుంది. ఎవరి చేతిలో ఏ సూది ఉందో చూస్తే వాళ్ళ అంతస్తు చాలావరకు తెలిసిపోతుంది.

మీరు అడగలేదు గానీ, మన తెలుగు సాహిత్యం కూడా ఇందులోకి రావాలని నా కోరిక. 'కన్యాశుల్కం' నాటకం కాబట్టి వినడానికే పుట్టింది, గార్టర్ అల్లికతో బ్రహ్మాండంగా కుదురుతుంది. పద్యాలకైతే నేను ఇంకో పని చేస్తాను. వృత్త పద్యాల్లో ప్రతి పాదానికీ గురులఘువుల వరస ఒకటే కదా. గురువుకి నిట్, లఘువుకి పర్ల్ అనుకోండి. ఉత్పలమాల గణాలు భ ర న భ భ ర వ, పాదానికి 20 అక్షరాలు, అంటే 20 కుట్లు. పోతన "ఇమ్మనుజేశ్వరాధముల కిచ్చి పురంబులు వాహనంబులున్" అన్న పాదాన్ని మెల్లగా పలుకుతూ అల్లండి. ఇమ్ నిట్, మ పర్ల్, ను పర్ల్, జే నిట్, అలా చివరి లున్ దాకా. రెండు అంచులకీ మూడేసి గార్టర్ కుట్లు కలుపుకుంటే మొత్తం 26. వెనకవైపు వరసలో ఏ కుట్టు ఎలా కనిపిస్తే అలా అల్లుకుంటూ రావాలి. నాలుగు అంగుళాలు అయ్యేసరికి పర్ల్ నేల మీద ఎనిమిది నిట్ గట్లు నిలువుగా లేస్తాయి, వాటి మధ్య ఎడం సమానంగా ఉండదు, ఉత్పలమాల నడక ఎలా ఉంటుందో అలా ఉంటుంది. యతి స్థానం పదో అక్షరం, అది గురువే. స్కార్ఫు పూర్తయ్యాక ఆ పదో కుట్టు గట్టు మీద వేరే రంగు దారంతో సూదితో కుట్టు మీద కుట్టు వేస్తే యతి కంటికి కనిపిస్తుంది.

ఇది చేశాక చంపకమాల అల్లి చూడండి. మొదటి నిట్ తీసేసి అక్కడ రెండు పర్ల్ వెయ్యాలి, అంతే, మిగతా 19 కుట్లూ మారవు. మొత్తం 21 అవుతాయి, యతి పదకొండో కుట్టుకి జరుగుతుంది. ఈ రెండు వృత్తాలూ ఎంత దగ్గరి చుట్టాలో ఛందస్సు పుస్తకంలో చదివినా, చేతికి తెలిసినప్పుడే నాకు ఒంటబట్టింది. శార్దూలం, మత్తేభాల మధ్య కూడా ఇదే సంబంధం. శార్దూలంలో మొదటే మూడు గురువులు కాబట్టి అంచులో దిట్టంగా మూడు కుట్ల గట్టు వస్తుంది. మగవాళ్ళ స్కార్ఫుకి చాలా బాగుంటుంది. కందం, ఆటవెలది, తేటగీతి ఈ పద్ధతికి లొంగవు, వాటిలో గణాలు పాదం పాదానికీ మారతాయి. అమెరికాలో, కెనడాలో ఉన్న మనవాళ్ళకి చలికాలం మెడ చుట్టూ పోతన ఛందస్సు కప్పుకునే అవకాశం ఇది. పిల్లలకి గురులఘువులు నేర్పడానికీ పనికొస్తుంది.

అమ్మమ్మ దగ్గర లేసు నేర్చుకున్నానన్నారు కాబట్టి ఆ సంగతీ చెప్పాలి. నరసాపురం చుట్టుపక్కల క్రోషే లేసు 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీల ద్వారా వచ్చింది. ఇప్పుడు దానికి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. కానీ అక్కడి ఆడవాళ్ళకి అది తీరికవేళ సరదా కాదు. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ 1982లో నరసాపురం లేసు అల్లేవాళ్ళ మీద ఒక పుస్తకం తెచ్చింది. ఇంటిపని మధ్య గంటల కొద్దీ లేసు అల్లి విదేశాలకి వెళ్ళే సరుకు తయారుచేస్తున్న ఆడవాళ్ళని అందరూ ఉత్త గృహిణులనే అన్నారనీ, అల్లిక ఖాళీ సమయపు పనిగా లెక్కకట్టడం వల్లే కూలి అంత తక్కువగా ఉండిపోయిందనీ అందులో చూపించింది. డెంట్ లోయ పిల్లల కథ, డికెన్స్ ఆడవాళ్ళ వేళ్ళు, ఈ పుస్తకం నాకు ఒకే వరసలో కనిపిస్తాయి. మీరు చేతిలేసు కొనేటప్పుడు బేరం ఆడకండి. అంగుళానికి ఎంతసేపు పడుతుందో మీకు తెలుసు. మీ అమ్మమ్మ నమూనాలు ఏవైనా ఇంట్లో మిగిలి ఉంటే వాటిని ముందూ వెనకా ఫొటోలు తీసి, ఎలా అల్లిందో అడిగి రాసిపెట్టుకోండి. ఆ నమూనాలు చాలావరకు చూసి నేర్చుకున్నవే, కాగితం మీద ఉండవు.

ఇక కొనవలసినవి. మన ఎండల్లో ఊలు దుప్పటి ఒళ్ళో పెట్టుకుని మే నెలలో కూర్చోలేరు. వేసవిలో చిన్న చిన్న చతురస్రాలు అల్లి దాచుకుని, డిసెంబరులో కలిపి కుట్టుకోండి. కాటన్ చల్లగా ఉంటుంది గానీ సాగదు, అందువల్ల చేతులు త్వరగా అలిసిపోతాయి. నేర్చుకునే వాళ్ళకి కాటన్, అక్రిలిక్ కలిసిన దారం మేలు. లూధియానా నుంచి వచ్చే వర్ధమాన్ అక్రిలిక్ ఊలు మన ఊళ్ళల్లో కూడా దొరుకుతుంది, చవక, ఉతుక్కోవచ్చు. మొదట లేత రంగు కొనండి, నలుపూ ముదురు నీలమూ రాత్రి దీపం కింద కుట్లు కనిపించనివ్వవు. సూదులు 4 మిల్లీమీటర్లవి, జారిన కుట్టు పైకి లాగడానికి ఒక క్రోషే సూది. అది మీ దగ్గర ఎలాగూ ఉంటుంది, లేసు సూది మరీ సన్నం కాబట్టి కాస్త లావుది తీసుకోండి.

మొదటి పుస్తకంగా ఏదని అడిగితే 'క్రాన్‌ఫర్డ్' అంటాను. ఎలిజబెత్ గాస్కెల్ 1851 నుంచి 1853 దాకా డికెన్స్ అంతకుముందు నడిపిన పత్రికలో విడివిడి భాగాలుగా రాసింది. చిన్నది, ఒక్కో భాగం ఒక్కో కథలా ఉంటుంది. ఊరంతా పొదుపుగా బతికే పెద్దవయసు ఆడవాళ్ళే, వాళ్ళ కుట్లూ అల్లికలూ కొవ్వొత్తి ఆదా చేసుకోవడాలూ నిండా ఉంటాయి. ఏటవాలు చతురస్రం వేసుకుని మొదలుపెట్టండి. మడమ తిప్పడం దగ్గరికి వచ్చినప్పుడు ఇక్కడే అడగండి, వివరంగా రాస్తాను.